పొద్దుగూకే గొంతు

రెండువేల మూడో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. శామీర్‌పేట పక్కనున్న ఒక ఊరి బడిలో పట్నం డాక్టర్లు శిబిరం పెట్టి జనం కండబలం కొలుస్తున్నారు. పొద్దున కొలిపించుకుని వెళ్ళిన కుర్మయ్యను సాయంత్రం మళ్ళీ రమ్మని కబురు చేశారు. గొర్రెల్ని దొడ్డికి తోలి, భార్య రుక్కమ్మను వెంటబెట్టుకుని వచ్చి ఆయన బల్ల ముందు కూర్చున్నాడు.

"ఈ పిడిని ఇంకోసారి నొక్కండి కుర్మయ్య గారూ. ఇంకా గట్టిగా."

"నొక్కుతున్న గద మేడం."

"ఇది నొక్కడమా? పిడి కదలనైనా లేదు. పొద్దున ఇదే చేత్తో ముల్లును ఆ చివరిదాకా తోశారు. శిబిరానికి వచ్చినవాళ్ళలో మీ అంత పట్టు ఎవరికీ లేదు. అంత బలం నిజమేనా, మిషనేమైనా చెడిందా అని తేల్చుకుందామనే మళ్ళీ పిలిపించాను."

"పొద్దుగాల అయితది మేడం. మాపటికి గాదు."

"అదేం మాట? పొద్దున ఉన్న బలం సాయంత్రానికి ఎక్కడికి పోతుంది?"

"గదే నాకు గూడ ఎర్కలేదు."

"అమ్మా, మీరు ఈయన భార్యా?"

"ఔ. రుక్కమ్మ నా పేరు."

"ఈయన తాగుతారా?"

"తాగడమ్మా."

"నిజం చెప్పండి. కళ్ళు చూడండి, ఎలా వాలిపోతున్నాయో. మాట ముద్దముద్దగా వస్తోంది. నేను పోలీసును కాదు, డాక్టర్ని. నా పేరు అనూహ్య. నాకు చెప్పినందువల్ల మీకు వచ్చే నష్టమేమీ లేదు."

"తాగడమ్మా. కల్లు ముట్టక శానేండ్లాయె. ఊరంత గదే అంటది, మీరు గూడ గదే అంటున్నరు. జెప్పీ జెప్పీ యాష్టకొచ్చింది నాకు."

"రుక్కమ్మా, పోదాం పా. గొర్లు ఒక్కటే ఉన్నయి."

"గొర్లకేమైతదయ్యా, దొడ్ల ఉన్నయి. జెర కూసో. గిన్నొద్దులకు ఒక డాక్టరు నీ మొకం దిక్కు సూసింది, లేస్తవేంది?"

"కూర్చోండి కుర్మయ్య గారూ. నేను అన్నది తప్పయితే నాకూ తెలియాలి కదా. ఇదిగో, నా వేలు చూడండి. తల కదపకుండా కళ్ళు మాత్రం పైకెత్తండి. అలాగే చూస్తూ ఉండండి. దించకండి."

"దించుత లేను."

"దించకండి అంటున్నానా!"

"నేను దించుత లేను మేడం. రెప్పలే దిగుతున్నయి."

"ఉండండి... ఉండండి. సరే, కళ్ళు మూసుకోండి. సిస్టర్! గేటు దగ్గర సోడాబండి ఉంది, చిన్న ఐసుముక్క పట్టుకురండి."

"ఐసెందుకమ్మా, కంటికి?"

"చూద్దాం రుక్కమ్మ గారూ. నాకూ ఇప్పుడే తట్టింది. ఇదిగో, రెప్ప మీద పెడుతున్నాను. చల్లగా ఉంటుంది, ఓర్చుకోండి. తల తిప్పొద్దు. ఇంకాసేపు... ఊఁ. ఇప్పుడు తెరవండి."

"ఓయమ్మో! లేచింది! ఏమయ్యా, నీ రెప్ప లేచింది! ఎన్నొద్దులాయె మాపటిపూట నువ్వు గిట్ల కండ్లు తెరిసి సూడక! ఏంజేసినవమ్మా? మంత్రమేసినట్టే జేసినవు!"

"మంత్రం కాదు. నేను అడిగినదానికి జవాబు చెప్పండి, ఇద్దరూ. అన్నం తినేటప్పుడు నమలడానికి కష్టమవుతుందా?"

"పొద్దుగాల తింటడమ్మా, రొట్టె గూడ తింటడు. మాపటి బువ్వకే తిప్పలు. నాలుగు బుక్కలు తినంగనే ఆగుతడు. దవడ చేత్తోని పట్టుకుంటడు, కిందికి జారుతుందన్నట్టు. నీళ్ళు తాగితె ముక్కులకెళ్ళి వస్తయి."

"ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తారా మీకు?"

"మనుషుల సంగతేమో గని మేడం, పొద్దుగూకితె నా గొర్లు రెట్టింపైతయి."

"నవ్వుతున్నారా కుర్మయ్య గారూ? ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని జెప్పాలె? కండ్లు మూతబడుతున్నయి, నోరు తిరుగుత లేదు, చేయి లేస్త లేదు అంటె, తాగినవన్నరు. తెల్లారి చూపిద్దామని పోతె అన్నీ మంచిగనే ఉండె. దవాఖానల మందుల దొర నా జబ్బలు పట్టి సూసి, దున్నపోతు లెక్క ఉన్నవు, పని జేసుకో పో అన్నడు."

"ఆయన్ని అనుకుని ఏం లాభం! పొద్దున నేను చేసిందీ అదే. ఏ వయసులో ఎంత బలం ఉంటే కండ ఆరోగ్యంగా ఉన్నట్టో తేల్చాలని ఊరూరా తిరుగుతున్నాం. ఒక్కసారి నొక్కించి, ముల్లు చూసి పంపేస్తున్నాం. మిమ్మల్ని నిక్షేపంలా ఉన్నారని పంపేశాను. ఇప్పుడొక పని చేయండి. ఆపకుండా ఏదైనా చెబుతూ ఉండండి. ఏదైనా సరే."

"ఏం జెప్పాలె?"

"కథ జెప్పయ్యా, కథ! మేడం, ఈయన ఒగ్గు కథ జెప్పెటోడు. తెల్లందాక జెప్పెటోడు. జనం ఆడాడనే గొంగళ్ళు పరుసుకొని కూసునేటోళ్ళు. కథ నడుమ గొంతు పోతాందని పక్కకు బెట్టిండ్రు. ఇప్పుడు ఈయన జాగల వెంకటనర్సయ్య నిలబడుతుండు."

"కథ వద్దు. నేను జెప్ప."

"కథ వద్దు లెండి. మీ గొర్రెల పేర్లు చెప్పండి. వరసగా."

"గొర్లకు పేర్లేంది మేడం... సరే. కర్రెది. బొల్లిది. శెవుల పొట్టిది. శెవుల పొట్టిదాని పిల్ల. కుంటిది. మొన్న ఈనింది, ఎర్రది. దాని అక్క. కంచె దుంకేది. రుక్కమ్మ ఎనకాల తిరిగేది. మెడ కింద చుక్క ఉన్నది. కొమ్ము... కొమ్ము ఇరిగిన పొట్టేలు. తెల్ల... తెల్లమూంతిది... దాం పింల్ల... గొంమ్..."

"చాలు. చాలు, ఆపండి."

"ఇన్నరా మేడం? గిట్లనే. గొంతు ముక్కుల పడి, ఆడికెళ్ళి సన్నగై, మాయమైతది. పక్కన కూసున్న నాకే సమజ్ గాదు. గిది తాగుడా? చెప్పుండ్రి."

"కాదు. రుక్కమ్మ గారూ, ఇది తాగుడు కాదు."

"సోమరితనం?"

"కాదు."

"ఎవలన్న చేయించింది?"

"కాదమ్మా. రోగం. చేయి లేపమని మెదడు నరానికి చెబుతుంది, నరం కండకు చెబుతుంది. ఆ నరానికీ కండకూ నడుమ సన్నటి సందు ఉంటుంది. ఈయన ఒంట్లో మాట ఆ సందు దాటడం లేదు. పడుకుని లేస్తే కాసేపు దాటుతుంది. వాడినకొద్దీ దాటదు. కండ చెడలేదు, నరం చెడలేదు. మధ్యలో ఆగిపోతోంది. అందుకే చూస్తే ఏమీ కనిపించదు, ఒక్కసారి కొలిస్తే తెలియదు. మళ్ళీ మళ్ళీ చేయిస్తేనే బయటపడుతుంది. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకెళ్తాను, ఒక సూదిమందు ఇచ్చి చూడాలి. మందులున్నాయి దీనికి."

"నీ కడుపు సల్లగుండ! ఇన్నవా అయ్యా? మందులున్నయంట!"

"మేడం."

"మాట్లాడకండి. కాసేపు ఊరుకుంటే గొంతు మళ్ళీ కూడుకుంటుంది."

"ఒక్క మాట. గీ రోగం... రెండేండ్ల కింద గూడ ఉండెనా నాకు?"

"ఎప్పుడు మొదలైందో మీకే తెలియాలి. ఎందుకు?"

"ఏం లేదు మేడం. ఊకెనే అడుగుతుండు. పోదాం పా అయ్యా."

"నువ్వు ఊకో రుక్కమ్మా. ఇప్పుడే పోదామనకు. మేడం, ఉండెనా?"

"రుక్కమ్మ గారూ, ఏం జరిగింది రెండేళ్ళ కింద?"

"ఏం జెప్పాలమ్మా... ఈయనకు ఒక తమ్ముడుండె. బాలేషు. తండ్రి లేకుంటె ఈయననే సాదిండు. రోడ్డు దిక్కు చెల్క భూమి అమ్ముదామని తమ్ముడు, అమ్మొద్దని ఈయన. అన్నదమ్ములకు మాటల్లేవు ఆ నెల. గప్పుడే వానకాలం మొదట్ల పెద్ద గాలి లేచింది. కరెంటు తీగ తెగి బాయికాడికి పోయే బాటల, నీళ్ళల్ల పడ్డది. ఈయన దొడ్డి కాడ నిలబడి సూసిండు. తమ్ముడు మోటరు బందు జేద్దామని అటే పోతుండు. పిలిస్తె పలికేంత దూరం."

"పిలవలేదా?"

"పిలువలేదనే ఊరన్నది. తెల్లందాక కథ జెప్పెటోనికి తమ్మున్ని పిలువ ఒక్క కేక రాలేదా అన్నది. పగ బట్టి ఊకున్నడన్నది. బాలేషు పెండ్లం వినోద గా పొద్దు కొట్టంలనే ఉన్నది, వంట జేసుకుంట. దొడ్డికి ఆనుకొనే కొట్టం. ఆమెనే అన్నది పంచల అందరి ముంగట, బావ నోరు తెరువలే అని. ఆడ ఉన్న మనిషే అన్నంక ఇగ ఎవలు నమ్మరు? పీనుగు లేవకముందే మా ఇంటి మొకం సూసుడు బందు వెట్టిండ్రు."

"కుర్మయ్య గారూ, ఆ రోజు సాయంత్రమేనా?"

"పొద్దుగూకుతాంది. పగలంత గొర్లను కూతవెట్టీ వెట్టీ... మేడం, గా పొద్దు గూడ నాకు గీ రోగమే ఉండెనని జెప్పుండ్రి."

"ఉండే ఉంటుంది. మీరు చెప్పినదాన్నిబట్టి..."

"ఉండే ఉంటది గాదు. ఉండెనని జెప్పుండ్రి. నా గొంతు రాలేదని జెప్పుండ్రి."

"నన్ను అది అడక్కండి. ఈ రోజు మీ కండ ఎలా ఉందో నేను చెప్పగలను. రేపు మందిచ్చి రేపెలా ఉందో చెప్పగలను. ఆ సాయంత్రం, ఆ ఒక్క నిమిషంలో మీ గొంతు వచ్చిందో రాలేదో, ఏ మిషన్ పెట్టి చెప్పను? ఆ రోజు నేను అక్కడ లేను కుర్మయ్య గారూ."

వారం తిరక్కుండానే డాక్టర్ అనూహ్య కుర్మయ్యను పట్నంలోని పెద్ద దవాఖానకు రప్పించి సూదిమందు ఇప్పించింది. కిటికీ అవతల పొద్దు వాలిపోయింది. ఆయన గొంతు మాత్రం వాలలేదు. వరండా బెంచీ మీద భార్యాభర్తలిద్దరే మిగిలారు.

"మల్ల మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. నీ నోట్లె మన్నువడ, లైట్లు ఏసిండ్రు, నీ గొంతు ఇంక ఉన్నది! బువ్వ తిన్నవు, ముక్కులకెళ్ళి మెతుకు రాలే. ఇగ కథ జెప్పె తాళం నీ చేతికి రాదా? వెంకటనర్సయ్య ఇయ్యకుంటడా? మాట్లాడయ్యా. ఏందది? ఏడుస్తున్నవా?"

"లేదు."

"లేదేంది, గడ్డం మీదికెళ్ళి కారుతున్నయి."

"ఒక్క సూదేనా రుక్కమ్మా? గింత సూది. చిటికెన వేలంత లేదు. గా పొద్దు నా జేబుల గీ సూది ఉంటె వాడు బతికేటోడా?"

"గప్పుడు రోగమనే ఎర్కలేకపాయె, సూది ఏడికెళ్ళి తెస్తవు? విడిచిపెట్టు. నేనొక మాట అంట, తిట్టకు. వినోద దగ్గరికి పోదాం."

"పోను."

"రోగమని జెప్దాం. డాక్టరమ్మనే జెప్పిందందాం. ఆమె మనసుల ముల్లు తీసినట్టైతది. పోరి శృతిని గూడ సూసి రావచ్చు. పెద్దనాయిన మొకం మరిచిపోయింది గావచ్చు."

"ఏమని జెప్పాలె? నీ మొగడు సచ్చిండు గని నాకు రోగం ఉండె అనాల్నా? గది ఆమెకేమన్న అక్కెరకొస్తదా?"

"నీ తప్పు లేదని ఎర్కైతది."

"తప్పు లేదని నీకెవలు జెప్పిండ్రు?"

"గదేం మాట? నువ్వు పిలిచినవు గద. నోరు రాలే, గంతే."

"ఏమో."

"ఏమో ఏంది?"

"గట్టిగనకు. మంది సూస్తరు."

"సూడనీ. రెండేండ్ల సంది నువ్వు పిలిచినవనే అందరితోని కొట్లాడుతున్న. ఇప్పుడు ఏమో అంటవేంది నాతోని?"

"నోరు తెరిసిన. గది యాది ఉన్నది. చెయ్యి లేపవోతె లేవలే, గదీ యాది ఉన్నది. గాలి మోతకు నా శెవులల్ల నాకే ఏం ఇనబడలే. కేక బయటికి పోయిందో, గొంతులనే ఉన్నదో... రోజూ అడుగుకుంట. గొర్ల కాడ అడుగుకుంట, పండుకుంటె అడుగుకుంట. గా పొద్దు వానితోని మాటల్లేవు రుక్కమ్మా. కడుపుల కోపముండె. వాడు అటు పోతాంటె, వానికి నేనెందుకు ముందుగాల పలుకరియ్యాలె అనే మాట ఒక్కటి... కన్ను మూసి తెరిసేంత సేపు... వచ్చిందో రాలేదో గూడ ఎర్కలే. గా ఒక్క మాటనే నా గొంతు పట్టుకున్నదా? గిది రోగమా, కోపమా? డాక్టరమ్మనే జెప్పలేకపాయె."

"అయ్యో... గిది మోసుకుంట తిరుగుతున్నవా గిన్నొద్దులు? నాతోని అననన్న లేదు?"

"నువ్వొక్కదానివే నమ్మితివి. నీకు గూడ అనుమానం వెట్టాల్నా?"

"లే. రేపు వినోద దగ్గరికి పోతున్నం. నేను జెప్తున్న. రోగముండె అని జెప్పుదువు, ఎర్కలేదని జెప్పుదువు. ఉన్నది ఉన్నట్టు జెప్పుదువు. ఆమె తిడితె తిట్టనీ. తలుపు తియ్యకుంటె తలుపు బయటనే నిలబడి జెప్పి వద్దాం."

వినోద అత్తగారి ఊరు విడిచి వచ్చాక గాజులరామారంలో, జీడిమెట్ల కంపెనీలకు పోయేవాళ్ళుండే వరస గదుల్లో ఒక గది తీసుకుని కూతురితో ఉంటోంది. రుక్కమ్మ, కుర్మయ్య చేరేసరికి ఆమె పని నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తోంది. తలుపు వేయలేదు. లోపలికి రమ్మనీ అనలేదు. వాళ్ళే వచ్చి కూర్చున్నారు.

"నీళ్ళు తాగుతరా అక్కా?"

"తాగుతం చెల్లె. ఎండ మస్తున్నది. రెండు బస్సులు మారినం. శృతి ఏది?"

"ట్యూషనుకు పోయింది."

"ఎన్నో తరగతి ఇప్పుడు?"

"మూడు."

"వాళ్ళ నాయిన లెక్కనే ఉన్నదా?"

"ఎందుకొచ్చిండ్రు అక్కా?"

"గట్లనకు. రావద్దా? బావకు పానం బాగలేదు. రోగమంట. మొన్న బడి కాడికి పట్నం డాక్టర్లు వస్తె బయటపడ్డది. నరం జెప్పిన మాట కండకు అందదంట. పొద్దుగాల మంచిగనే ఉంటది, పొద్దుగూకె యాల్లకు కండ్లు మూతబడుతయి, చేతులు లేవయి, గొంతు పోతది. తాగుడు గాదంట చెల్లె. రెండేండ్ల కింద గూడ ఉండే ఉంటదన్నది డాక్టరమ్మ. అంటె గా పొద్దు గూడ..."

"చాయ పెడ్త."

"చాయ వద్దు. ఇను. గా పొద్దు గూడ..."

"పాలున్నయి. పెడ్త ఉండుండ్రి."

"వినోదా."

"నువ్వు మాట్లాడకయ్యా. నీ గొంతు అప్పుడే జారుతాంది. గోలి ఏసుకో ముందు. చెల్లె, జెర నీళ్ళియ్యి, గోలి ఏసుకుంటడు."

"గోలి తర్వాత, రుక్కమ్మా. గోలి పని జేసేదాక ఆగితె నా ధైర్యం పోతది. వినోదా, స్టవ్వు బందువెట్టు. ఒక్క మాట జెప్పి పోత."

"నాకేం జెప్పొద్దు బావా. అయిపోయిన సంగతి. నేనేమన్న అడిగిన్నా? కేసు వెట్టిన్నా? మా అవ్వగారి దిక్కు వచ్చి పని జేసుకొని బతుకుతున్న. రోగముంటె మందులు తినుండ్రి. నాకెందుకు జెప్పుడు?"

"గట్లంటవేంది చెల్లె? పంచల అందరి ముంగట అన్నది నువ్వే గద, బావ నోరు తెరువలే అని. గా మాటకు ఈ మనిషి రెండేండ్ల సంది తలకాయ ఎత్తి నడుస్త లేడు. రోగం అంటె ఇనవా?"

"అన్న. అన్న అక్కా! అందరు మీదవడి అడిగిండ్రు, ఎట్లైంది, ఎట్లైంది అని. మొగడు గాడ బురదల పడి ఉన్నడు. నాకు ఏం ఎర్కుండె? నోటికొచ్చింది అన్న. నన్నెందుకు అడుగుతవు ఇప్పుడు?"

"రుక్కమ్మా, తిట్టకు ఆమెను. ఆమె జెప్పిందాంట్ల తప్పేమున్నది? ఇను వినోదా. రోగముండెనని నీ ముంగట తప్పించుకుందామని రాలే. తప్పు నాది గాదు అనెటందుకు గూడ రాలే. నాకు ఎర్కలేదు. గదే జెప్పి పోదామని వచ్చిన. నోరు తెరిసిన. బాలేషూ అందామనే తెరిసిన. కేక వచ్చిందో రాలేదో ఎర్కలేదు. డాక్టరమ్మను అడిగిన, ఆమెకూ ఎర్కలేదు. కండ ఎంత గట్టిదో చూసే మిషను ఉన్నదంట గని, గా దినం మాట జెప్పే మిషను లేదంట. నాకు వానితోని కోపముండె, గదీ అబద్ధం గాదు. గా కోపమే అడ్డమొచ్చిందేమో గూడ ఎర్కలేదు. నువ్వు పిలువలే అన్నవు. పిలువలేదేమో. నువ్వన్నదే సత్తెమేమో. గంతే. గది జెప్పి నీ కాళ్ళకు..."

"బావా, లే. లే బావా! అక్కా, లేపు ఆయనను!"

"జారుతున్నడు, అయ్యో, కూసోవెట్టు. గోలి, గోలి ఏసుకో అయ్యా. నోరు తెరువు. వాని పేరు తియ్యకు ఇప్పుడు, గొంతు పట్టుకపోతది."

"వానిం... వానిం ఎట్ల పింలిసిన్నో... గింట్లనే... బాం... బాంలేషూం... బాం..."

"అనొద్దు. అనొద్దు బావా, ఆపు."

"శెవులు మూసుకుంటవేంది చెల్లె? ఏమైంది? గదే ఆయన రోగం, నేను జెప్పలేదా? నువ్వెప్పుడు ఇనలేదు గద గీ గొంతు. పొద్దుగూకితె గిట్లనే ముక్కుల మూలిగినట్టు... ఏమైందే వినోదా?"

"ఇన్న అక్కా."

"ఏం ఇన్నవు?"

"పిలిచినవు బావా. గా పొద్దు గిదే గొంతు, గిట్లనే, రెండుసార్లు. పొయ్యి కాడ కూసున్న నాకు ఇనబడ్డది. తాగొచ్చి మా ఆయన పేరు వెట్టి మల్ల లొల్లికొస్తున్నవనుకొని, లేచి నేనే తలుపు ఏసిన."